దస్తూరి

నలభై ఏళ్లు దస్తావేజులు రాసి బతికినవాడి సంతకం కలవలేదని బ్యాంకువాళ్లు చెక్కు వెనక్కి పంపారు. కౌంటరు వెనకాల కుర్రాడు మర్యాదస్తుడే. కంప్యూటరు తెర నావైపు తిప్పి, "మీరే చూడండి బాబాయిగారూ" అన్నాడు. తెర మీద 1981లో నేను పెట్టిన చేవ్రాలు ఉంది. తలకట్లన్నీ ఒకే వాలులో, వరిచేలో కొంగలు వాలినట్టు కూచున్నాయి. చెక్కు మీద ఉన్నది మాత్రం ఎండలో ఎండిపోయిన ఎర్ర. ఆ రెండూ ఒకే మనిషి రాశాడంటే నేను జడ్జినైనా ఒప్పుకోను.

ఇంటికొచ్చి మనవరాలి పాత నోటుపుస్తకంలో నాలుగు పంక్తులు రాసి చూసుకున్నాను. పదహారేళ్లు కీబోర్డు కొట్టి, ఆ తర్వాత పదేళ్లు ఏదీ కొట్టకుండా కూచున్న చెయ్యి. మూడో పంక్తికి బొటనవేలు లాగింది. నాలుగో పంక్తి కుడివైపుకి మెట్లు దిగింది. అరవై తొమ్మిదేళ్ల వయసులో మళ్లీ చూచిరాత మొదలుపెట్టాను. దేన్ని చూసి రాయాలని వెతుకుతుంటే అటక మీంచి తాత ట్రంకుపెట్టె దిగింది, నాన్న కాగితాలు దిగాయి, ఒక ఇనప ఘంటం దిగింది. చెయ్యి బాగుచేసుకోవడం అటుంచి, ఈ చెయ్యి ఎక్కణ్ణించి వచ్చిందో తవ్వుకునే పనిలో పడ్డాను.

మాది కోనసీమ. తాత కరణం, నాన్న దస్తావేజు లేఖరి. ఇంటర్మీడియట్ రెండోసారి కూడా తప్పాక, 1974లో, రిజిస్ట్రారాఫీసు ఎదురుగా నిద్రగన్నేరు చెట్టు కింద నాన్న పరిచే చాప మీద నాకూ ఓ మూల దొరికింది. మూడు నెలలు స్టాంపు కాగితం ముట్టుకోనివ్వలేదు. పాత కాగితాల వెనకవైపు సున్నాలు చుట్టమనేవాడు. సున్నా చుట్టిన చోటే వచ్చి కలవాలి, కలిసిన జాడ కనబడకూడదు. అది వచ్చాక ర, ఠ, ద. ఆ తర్వాత ప, వ.

ఈ ప, వ దగ్గర నాన్న చేతి రూళ్లకర్ర చాలాసార్లు నా వేళ్ల మీద ఆడింది. వకారానికి తలకట్టు ఒంటికి అంటుకుని ఉంటుంది, పకారానికి విడిగా నిలబడుతుంది. తొందరలో రెండూ ఒకటైపోతాయి. పుస్తకంలో అయితే చదివేవాడు సర్దుకుంటాడు. దస్తావేజులో 'పాలు' కాస్తా 'వాలు' అయితే అన్నదమ్ములు కోర్టుకి పోతారు. "నీ అక్షరం అందంగా ఉండక్కర్లేదురా, ఇంకోటిగా చదవడానికి వీల్లేకుండా ఉంటే చాలు" అనేవాడు.

నాన్న రాతకి ఇంకో లెక్క కూడా ఉండేది. పంక్తి మార్జిను దగ్గర మొదలై కాగితం అంచు దగ్గర ఆగాలి. చివర జాగా మిగిలితే సన్నగీత గీసి నింపెయ్యాలి, రేపెవడూ ఓ మాట ఇరికించకుండా. సొమ్ము అంకెల్లో వేశాక 'అక్షరాలా' అని మళ్లీ మాటల్లో రాయాలి. కొట్టివేతలుంటే ఎన్నో పుట, ఎన్నో పంక్తి, ఏ మాట కొట్టేసి ఏ మాట రాశామో అడుగున చెప్పుకుని, రాయించినవాళ్ల చేత వ్రాలు చేయించాలి. ఇది నాన్న చాదస్తం కాదు. 1908 రిజిస్ట్రేషను చట్టం 20వ సెక్షనే ఆ మాట చెబుతుంది. పంక్తుల మధ్య ఇరికించిన రాతలు, ఖాళీలు, చెరుపులు ఉంటే, వాటి దగ్గర సంతకాలు లేకపోతే రిజిస్ట్రారు దస్తావేజు తీసుకోనక్కర్లేదు. మేం చక్కగా రాయడం కళకోసం కాదు, తిరగ్గొడతారన్న భయంతో.

వచ్చేవాళ్లలో సగంమందికి చదువు రాదు. వేలిముద్రో, నిశానీనో. రాయడం అయ్యాక నాన్న చదివి వినిపించేవాడు. వాళ్లు వినేవాళ్లు కాదు, కాగితం వంకే చూసేవాళ్లు. ఓ ముసలావిడ, కూతురికి పసుపుకుంకుమల కింద పొలం రాయిస్తూ, పంక్తుల మీద వేలితో నిమురుకుంటూ, "వరి ఊడ్చినట్టుంది బాబూ" అంది. మా వృత్తిలో అంతకు మించిన సర్టిఫికెట్ నాకు రాలేదు.

దస్తావేజు చివర సాక్షుల పేర్లయ్యాక రాసినవాడి పేరుండేది, ముందు 'దస్తూరి' అన్న మాటతో. ఆ చేతిరాత ఫలానావాడిది అని. ఇది మా తాతలనాటిది అనుకునేవాణ్ణి. చూస్తే ఇంకా పాతది. శ్రీకృష్ణదేవరాయల రాగిశాసనాల చివర కూడా ఇదే పద్ధతి. శ్లోకాలు కట్టినవాడు సభాపతి, రేకుల మీద చెక్కినవాడు మల్లన కొడుకు వీరణాచార్యుడు అని ఉంటుంది. ఇచ్చినవాడు రాయలు, పుచ్చుకున్నవాడు బ్రాహ్మడు, నడుమ చెయ్యి వీరణాచార్యుడిది. తాటాకు పుస్తకాలు రాసిన లేఖకులైతే ఇంకా గడుసువాళ్లు. నడుం విరిగింది, మెడ పట్టేసింది, చూపు మందగించింది, ఈ పుస్తకాన్ని బిడ్డలా కాపాడండి అని చివర సంస్కృతంలో మొరపెట్టుకునేవాళ్లు. ఉన్నది ఉన్నట్టు రాశాను, తప్పుంటే నన్ననకండి అని ముందే చేతులు దులుపుకునేవాళ్లు కూడా. నాన్న బతికుంటే ఈ రెండోది అన్ని దస్తావేజుల్లోనూ చేర్చేవాడు.

పిల్లలకి రాత ఎలా నేర్పేవారో చూద్దామని వెతికితే బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పై అధికారులకి పంపిన నివేదిక దగ్గర ఆగాను. ఈయన అంతకుముందే తెలుగు వ్యాకరణం, నిఘంటువు రాసినవాడు, కాబట్టి చూసింది తెలిసి చూశాడు. అప్పటి బళ్లారి జిల్లాలో 533 బడులు, అందులో 226 తెలుగువి. పిల్లలు మొదట ఇసుకలో వేలితో దిద్దుతారు. తర్వాత ఆకు మీద ఇనప ఘంటంతోనో, కాగితం మీద రెల్లు కలంతోనో. కానీ ఆ ప్రాంతంలో ఎక్కువ వాడుకలో ఉన్నవి వేరే రెండు. ఒకటి అడుగు వెడల్పు, మూడడుగుల పొడుగున్న చెక్కపలక. చిత్రికపట్టి, అన్నం, బొగ్గుపొడి కలిపి పూస్తే రాయడానికి సిద్ధం. రెండోది గుడ్డతో చేసేది. గంజి పెట్టి బిరుసు చేసి, పుస్తకంలా మడతలు పెట్టి, బొగ్గూ బంకా కలిపిన పూత పూస్తారు. దాన్నే కడితం అంటారు. రెంటి మీదా బలపంతో రాసి తడిగుడ్డతో తుడిచేస్తారు.

ఆ నివేదికలో నాకు బాగా నచ్చింది బడికి వచ్చే వరస. పొద్దున్నే మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్నా. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ పైన వచ్చినవాడికి వచ్చిన వరసను బట్టి. అరచెయ్యే మొదటి పలక అన్నమాట. నేను చదువుకున్న బళ్లో దెబ్బలే ఉండేవి, సరస్వతి లేదు.

ఇసుక, పలక, కడితం, ఈ మూడింటికీ ఒక మంచి గుణం ఉంది. తప్పు మిగలదు. తడిగుడ్డతో పోతుంది. చెయ్యి తిరిగేదాకా ఎన్నిసార్లయినా దిద్దొచ్చు. దిద్దడం అనే మాటకి మనకి రెండు అర్థాలూ ఉన్నాయి, గీత మీద గీత తిప్పడం, తప్పు సరిచెయ్యడం. నేను బజారుకెళ్లి ఓ పలకా బలపమూ కొనుక్కొచ్చాను. మా ఆవిడ చూసి ఏమీ అనలేదు, ఆ అనకపోవడంలోనే చాలా ఉంది.

ఘంటం సంగతి చెప్పాలి. జానెడు ఇనప కడ్డీ, ఒక కొన సూదిలా, రెండో కొన చిన్న కత్తిలా. కత్తి ఆకు అంచులు కోసుకోవడానికి. కల్లుగీసే అతన్ని అడిగి లేత తాటాకు తెప్పించాను. ఈనె తీసి, ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, గవ్వతో రుద్దితే రాయడానికి పనికొస్తుంది. ఉడికిస్తున్నప్పుడు ఇల్లంతా తాటితేగల వాసన. రాయడానికి కూచుంటే తెలిసింది, కాగితం మీద అలవాట్లేవీ పనికిరావని. ఆకు ఎడమచేతిలో ఉంటుంది, బల్ల మీద కాదు. పాతకాలం లేఖకులు ఎడమ బొటనవేలి గోరు పెంచి దానికి గాటు పెట్టుకునేవాళ్లు, ఘంటం కొన ఆ గాటులో ఆనుకోవడానికి. కుడిచెయ్యి అక్షరం గీస్తుంటే ఎడమచెయ్యి ఆకును లాగుతుంది. పంక్తి వెంట చెయ్యి నడవదు, చెయ్యి కిందికి పంక్తే వస్తుంది. పైగా రాసింది కనబడదు. సిరా ఉండదు, ఉత్త గీరే. పేజీ అయ్యాక దీపం మసి నూనెలో కలిపి రుద్ది తుడిస్తే అప్పుడు నల్లగా తేలుతుంది, మన తప్పులతో సహా.

తెలుగక్షరం గుండ్రంగా ఉండడానికి తాటాకే కారణం, నిలువు గీతలూ అడ్డగీతలూ గీస్తే ఆకు చిరుగుతుంది అని చిన్నప్పటినించీ వింటున్నాం. గీసి చూశాను. సగం నిజం. ఈనెల వెంబడి, అంటే అడ్డంగా గట్టిగా లాగితే ఆకు చీలుతుంది. నిలువు గీతకి ఏమీ కాదు. మరి అదే ఆకు మీద రాసిన తమిళులు గీతలకి గీతలు ఉంచుకున్నారు కదా. గుండ్రదనానికి ఆకు తోడ్పడి ఉంటుంది, కారణమంతా ఆకు మీద తోసెయ్యడం మన బద్ధకం. తలకట్టు మాత్రం ఆకుకి బాగా కుదిరింది. ఈనెలకి ఏటవాలుగా పోతుంది కాబట్టి ఎంత గట్టిగా గీరినా చీలిక రాదు. కన్నడంవాళ్లూ మనమూ ఒకప్పుడు ఒకే లిపి రాసినవాళ్లం. వాళ్లు తలకట్టుని అడ్డంగా పడుకోబెట్టారు, మనం రెక్కలా లేపాం.

ఇక తాత ట్రంకుపెట్టె. అందులో ఉన్నది గొలుసుకట్టు.

గొలుసుకట్టంటే ఈ తరానికి తెలియదు. అక్షరం పక్కన అక్షరం రాయడం కాదు. కలం ఎత్తకుండా ఒక అక్షరం తలకట్టు రెండో అక్షరం ఒంట్లోకి, దాని తోక మూడోదాని ఒత్తులోకి దిగిపోతుంటాయి. మాటకీ మాటకీ ఎడం ఉండదు. వాక్యం ఎక్కడ ఆగిందో అర్థాన్ని బట్టి పట్టుకోవాలి. పైగా పాతకాలపు వలపలగిలక ఒకటి, 'ధర్మం'లో రేఫ ఉండాల్సినచోట ఉండకుండా మకారం పక్కన తొమ్మిది అంకెలా వేలాడుతుంది. మొదటిసారి చూస్తే తాత నిద్రలో రాశాడనిపిస్తుంది. రోజూ చూస్తే అందులో లయ తెలుస్తుంది. ఏ అక్షరం ఎక్కడ నలుగుతుందో ప్రతిసారీ అక్కడే నలుగుతుంది.

మరాఠీవాళ్లకి మోడీ లిపి ఎలాగో మన కరణాలకి గొలుసుకట్టు అలాగ. జమాబందీ ముంచుకొస్తుంటే ఊరి లెక్కంతా దింపాలి, ముత్యాలు పేర్చే తీరిక ఎక్కడిది? ఊళ్లోవాళ్లు మాత్రం ఇంకో కారణం చెప్పేవాళ్లు, ఇంకొకడికి అర్థం కాకూడదనే కరణం అలా గిలికేవాడని. కరణంతో కంటు కాటికి పోయినా తప్పదని సామెత. సుమతీ శతకంలో కరణాల మీద ఉన్న పద్యాలు చిన్నప్పుడు బళ్లో నా చేత అప్పజెప్పిస్తుంటే క్లాసంతా నావైపే తిరిగి చూసేది. తాత మంచివాడా అని ఇప్పటికీ ఎవరైనా అడిగితే, రాత వేగంగా ఉండేదని చెప్పి ఊరుకుంటాను.

నా మనవరాలు వేసవి సెలవల్లో హైదరాబాదులో రైటింగు క్లాసుకి వెళ్తోంది. ఇంగ్లీషు అక్షరాలు ఒకదానికొకటి కలిపి రాయడం అక్కడ మంచి రాత. తెలుగులో అదే పని చేసినవాణ్ణి దొంగలెక్కలవాడన్నాం.

ఆ గొలుసుకట్టులో నాకు జరిగిన పరాభవం ఒకటుంది. వృత్తిలోకి వచ్చిన అయిదో ఏడో ఏమో. పాత కౌలు కాగితం ఒకటి తీసుకొచ్చి, ఇందులో ఉన్న లెక్క ప్రకారం కొత్త కాగితం రాయమన్నారు. ఏటా ఇవ్వాల్సిన ధాన్యం ఇన్ని తూములు అని ఉండి, పక్కన ఓ చిన్న వంకర గుర్తు, దాని పక్కన రెండు గీతలు ఉన్నాయి. వంకర గుర్తు కలం జారినదనుకున్నాను. రెండు గీతలు రెండు కుంచాలనుకుని అలాగే రాసేశాను. కౌలుదారు తరఫున వచ్చిన ఓ పెద్దాయన, మా తాతతో పనిచేసినవాడు, కాగితం చదివించుకుని, నా పాత కాగితం లాక్కుని చూసి, పడీపడీ నవ్వాడు. "కరణం మనవడివి, హళ్లి తెలీదట్రా నీకు?"

అప్పటిదాకా హళ్లికి హళ్లి సున్నకు సున్న అన్నది ఊతపదం అనుకున్నాను. కాదు. అది లెక్క రాసే పద్ధతి. మన కొలతలన్నీ నాలుగేసి భాగాలుగా దిగుతాయి. తూముకి నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు, మానికకి నాలుగు సోలలు, సోలకి నాలుగు గిద్దలు. కాబట్టి తూము పక్కన భిన్నం రాయాలంటే పది అంకెలు అక్కర్లేదు, ఒకటీ రెండూ మూడూ చాలు. మొదటి స్థానం కుంచాలది, అక్కడ నిలువు గీతలు. రెండోది మానికలది, అడ్డగీతలు. మూడోది సోలలు, మళ్లీ నిలువు. నాలుగోది గిద్దలు, మళ్లీ అడ్డం. ఒక్క చూపులో ఏ స్థానమో తెలిసిపోతుంది. ఏ స్థానంలోనైనా ఏమీ లేకపోతే అక్కడ ఖాళీ ఉంచకూడదు, ఖాళీ ఉంటే ఎవడో గీత గీస్తాడు. నిలువు గీతల స్థానం ఖాళీ అయితే హళ్లి, అడ్డగీతల స్థానం ఖాళీ అయితే సున్న. హళ్లికి హళ్లి, సున్నకు సున్న. అంటే ఏ స్థానంలోనూ ఏమీ లేదని.

ఆ పాత కౌలు కాగితంలో కుంచాల చోట హళ్లి, మానికల చోట రెండు అడ్డగీతలు. రెండు మానికలు ఇవ్వాల్సిన చోట నేను రెండు కుంచాలు రాసి, ఏటికి ఆరు మానికల ధాన్యం కౌలుదారు నెత్తిన ఎక్కువ పెట్టాను. నాన్న ఆ రోజు స్టాంపు కాగితం ఖర్చు జేబులోంచి పెట్టుకుని మళ్లీ రాశాడు. నాతో మాట్లాడలేదు. ఈ భిన్నాంకెలు 2008లో యూనికోడులో కూడా చేరాయి, తూము గుర్తుతో సహా. నా ఫోనులో మాత్రం చతురస్రాలుగా కనబడతాయి.

గొలుసుకట్టు కరణాల లెక్కల్లోనే ఆగిపోలేదు. కల్నల్ మెకంజీ 1821లో చనిపోయేదాకా ఊరూరా సేకరింపజేసిన కైఫియతులు చాలామటుకు ఇలాంటి రాతే. ఊళ్లలో ఆయన సహాయకులు కావలి సోదరులు తిరిగి కరణాలను పట్టుకుని రాయించినవి మరెలా ఉంటాయి? మన ఊళ్ల చరిత్ర సగం అందులో ఉంది, చదివే కళ్లు తక్కువ. సి.పి. బ్రౌను దొరది ఇంకో దారి. 1820లో కడపకి వచ్చాక తాటాకు పుస్తకాలు పోగుచేయించి, జూలూరి అప్పయ్య, అయోధ్యాపురం కృష్ణారెడ్డి వంటివారిని దగ్గరపెట్టుకుని, జీతాలిచ్చి కాగితం మీదకి ఎక్కించాడు. ఒక కావ్యానికి పలు ప్రతులు తెప్పించి పాఠభేదాలు పక్కన రాయించడం అతని పద్ధతి. ఆ రాతప్రతులు మద్రాసు ప్రాచ్య లిఖిత భాండాగారంలో చేరాయి. మెకంజీకి వేగం దొరికింది, బ్రౌనుకి తీరిక దొరికింది. వాళ్లకి పనిచేసిన చేతుల్లో ఆ తేడా కనిపిస్తుంది.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణాలనూ మునసబులనూ ఒక్క ఆర్డినెన్సుతో తీసేసింది. మా పెద్దనాన్న లెక్కల పుస్తకాలు అప్పజెప్పి వచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నం తినకుండా పడుకున్నాడు. ఊళ్లో చాలామంది ఆ రాత్రి బాగా తిన్నారు. ఉద్యోగంతోపాటే గొలుసుకట్టూ పోయింది. ఏ బడిలోనూ నేర్పినది కాదు, తండ్రి పక్కన కూచుని కొడుకు పట్టుకున్నది, అందుకని ఎవరూ గమనించలేదు.

మా వంతు 1998 నవంబరులో వచ్చింది. రిజిస్ట్రేషన్ల శాఖలో కంప్యూటర్లు పెట్టారు. అంతవరకూ మేం బయట ఒకసారి రాసేవాళ్లం, లోపల గుమాస్తాలు లావుపాటి పుస్తకాల్లోకి దాన్నే మళ్లీ చేత్తో ఎక్కించేవాళ్లు. వాళ్ల చేతులకి ముందు సెలవు దొరికింది, తర్వాత మాకు. రోజుల కొద్దీ ఆగితే గానీ రాని నకలు గంటలో చేతికొస్తుంటే జనం సంతోషించారు, వాళ్ల సంతోషం న్యాయమే. నేనూ ఓ కంప్యూటరు కొన్నాను. అందులో దస్తావేజు నమూనా ఒకటే, పేర్లు, సరిహద్దులు మార్చుకుంటే సరి. అక్షరాలు మాత్రం మనిషివే. పెళ్లి శుభలేఖలకి, బోర్డులకి బాపు చేతిరాత నుంచి చేసిన అక్షరాలు వాడేవాళ్లు. నేనూ కొన్నిట్లో వాడాను. 1933లో నరసాపురంలో పుట్టిన ఒక మనిషి మణికట్టు తిరిగిన తీరు, ఆయన చూడని లక్ష శుభలేఖల మీద తిరుగుతోంది. ఎవరికీ దస్తూరి ఫలానావాడిది అని రాయాలనిపించదు.

ఇప్పుడు మళ్లీ చూచిరాత దగ్గరికొస్తాను. నాన్న పెన్ను ఒకటి దొరికింది, రాజమండ్రి రత్నం పెన్ను. కోసూరి వెంకటరత్నం గారు 1932లో మొదలుపెట్టిన ఆ పనికి గాంధీగారి మెచ్చుకోలు ఉత్తరం 1935లో వచ్చిందని గోదావరి జిల్లాల్లో తెలియనివాళ్లుండరు. ఎబొనైటు ఒళ్లు, చిన్న గొట్టంతో సిరా పొయ్యాలి. బిరడా బిగుతుగా తిప్పకపోతే జేబు నీలమైపోతుంది. పట్టుకుంటే లావుగా ఉంటుంది. ఆ లావే నాకు మందు అయింది. సన్నటి బాల్‌పెన్ను పట్టుకున్నప్పుడు వేళ్లు బిగుసుకునేవి, దీన్ని బిగించి పట్టుకోవడం కుదరదు. బాల్‌పెన్నుకి కాగితాన్ని నొక్కాలి, పాళీని నొక్కితే విడిపోతుంది. నెలరోజుల్లో బొటనవేలి నొప్పి పోయింది.

రాత నిలబడింది కానీ అందం రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది ఛత్తా బజారు. మా అమ్మాయి పెళ్లప్పుడు హైదరాబాదులో వియ్యాలవారి ఇరుగుపొరుగువాళ్లకి ఓ వంద ఉర్దూ కార్డులు కావాలంటే పాతబస్తీలో ఆ బజారుకి వెళ్లాను. అంతా అచ్చుపనివాళ్లు, కాతిబులు. కాతిబంటే మా లాంటి లేఖరే, కాకపోతే మర్యాద ఎక్కువ. ఓ ముసలి కాతిబు వెదురు కలం చెక్కడం పక్కన నించుని చూశాను. కొన ఏటవాలుగా ఒక్క కోత, నడుమ చీలిక. ఆ కలంతోనే ఓ చుక్క పెట్టాడు, వజ్రంలా పడింది. ఏ అక్షరం ఎన్ని చుక్కల ఎత్తో, ఎన్ని చుక్కల వెడల్పో వాళ్లకి లెక్కుంది. కలం లావైతే చుక్క లావవుతుంది, అక్షరమూ అంతే పెరుగుతుంది. మనకి చుక్కల లెక్క లేదు, రూళ్లకర్రే ఉంది.

సరే అని వెదురు చెక్కి నేనూ మొదలుపెట్టాను. కొన్నాళ్లు ఇంగ్లీషు అక్షరాలకి అమ్మే వెడల్పు పాళీ కూడా వాడాను, అక్కడే దెబ్బతిన్నాను. ఆ పాళీని వాళ్లు పట్టుకునే వాలులో పట్టుకుంటే కిందికి కుడివైపు జారే గీత లావుగా, పైకి కుడివైపు ఎక్కే గీత వెంట్రుకంత సన్నగా పడుతుంది. మన తలకట్టు పైకి కుడివైపుకే ఎక్కుతుంది. అంటే అక్షరానికి ఏది కిరీటమో అదే మాయమైపోతోంది. ఒళ్లు పుష్టిగా, నెత్తి బోడిగా. వారం రోజులు నా చెయ్యే పనికిరానిదనుకున్నాను. తర్వాత వెదురుకొన కోతను అవతలి వాలుకి మార్చి చెక్కాను. పాళీ అంచు ఎడమ పైనుంచి కుడి కిందికి ఉండేటట్టు. తలకట్టు ఒక్కసారిగా నిండుగా వచ్చింది, సున్నా పైన ఎడమవైపూ కింద కుడివైపూ లావెక్కి కుంకుమభరిణలా తిరిగింది. ఆ సాయంత్రం 'తలకట్టు' అన్న మాటే నలభైసార్లు రాశాను.

చుక్కల లెక్క కూడా నాకు నేను పెట్టుకున్నాను. అక్షరం ఒళ్లు కలం వెడల్పుకి మూడింతలు, తలకట్టుకి పైన ఒకటిన్నర, ఒత్తుకి కింద రెండు. గుడి వస్తే తలకట్టు తీసెయ్యాలి కనక పైన గోల లేదు. ఇబ్బందల్లా కింది అంతస్తుది. 'స్త్రీ' అన్న మాట రాస్తే కింది పంక్తి ఇంట్లోకి దిగిపోతుంది. తాతయితే కలం ఎత్తకుండా ఆ ఒత్తుని పక్కకి ఊడ్చేసేవాడు. ఆయన గొలుసుకట్టులో గిలుకుడు అనుకున్నవాటిలో కొన్ని జాగా మిగుల్చుకునే ఉపాయాలని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు నా రాతలో ఒత్తులు తాతవి, ప-వలు నాన్నవి. కలం కోత ఛత్తా బజారుది, తిరగేసి.

కిందటివారం బ్యాంకుకి వెళ్లాను. నమూనా సంతకాలు మళ్లీ ఇమ్మన్నారు. కార్డు మీద అగ్గిపెట్టెంత గడులు మూడు. మొదటిదాంట్లో తలకట్టు గీత దాటి పైకి పోయింది. "డబ్బాలోనే ఉండాలి బాబాయిగారూ, స్కానరు తీసుకోదు" అన్నాడు కుర్రాడు. రెండోదాంట్లో ఒత్తు కిందికి దిగింది. మూడోది పట్టింది. కొత్త కార్డు తీసుకుని మూడూ మూడోదాని లాగే పెట్టాను. అడుగున కాస్త జాగా కనిపిస్తే అలవాటుకొద్దీ 'దస్తూరి' అని రాయబోయాను. కుర్రాడు కార్డు లాగేసుకున్నాడు.